వకీళ్లు నిలబెట్టిన సభ

మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి వృత్తికి వకీలు. 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావని నా వాదన. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సభలో తెలుగులో మాట్లాడబోయి అవమానపడిన ఆలంపల్లి వెంకటరామారావు వకీలే. ఆ రాత్రే, తరువాత ఆంధ్ర మహాసభగా మారిన ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని సాకిన మాడపాటి హనుమంతరావు, దేవరకొండ సభాధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు కూడా వకీళ్లే. సభ జరపాలంటే నిజాం సర్కారు అనుమతి ఉండాల్సిందేనని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించిన రోజులవి. కచేరీ ఉర్దూలో దరఖాస్తు రాయడం, సర్కారు హుకుముల్లోనే రైతుకు పనికొచ్చే ముక్క వెతికి తెలుగులో విప్పిచెప్పడం ఆ వృత్తి నేర్పిన విద్య. వెట్టిచాకిరిపై సంఘం వేసిన చిన్న పుస్తకం ఆ విద్యకు మంచి ఫలం.

అర్జీలతో దొరతనం కూలుతుందా అని అడగవచ్చు. కూలలేదు, 1944 భువనగిరి సభ తరువాత ఉద్యమం మరో బాట పట్టింది. ఈ పెద్దల్లో భూములున్నవాళ్లు ఉన్న మాటా నిజమే. అయినా వెట్టి అన్యాయమే కాదు, చట్టవిరుద్ధం కూడా అని పల్లెకు తెలియకపోతే ఎదురుతిరిగే ధైర్యానికి ఆధారమేది? ఆ ఆధారాన్ని ఓపికగా కూర్చినవాళ్లు వకీళ్లు. 1978లో హైదరాబాదు నుంచి విడదీసిన జిల్లా రంగారెడ్డి పేరే మోస్తోంది.