గిన్నెలో గిన్నె

నాన్నది బదిలీల ఉద్యోగం. మూడేళ్లకోసారి లారీ వచ్చి ఇంటి ముందు ఆగేది. దానికి రెండు రోజుల ముందే అమ్మ వంటసామానంతా నేల మీద పరిచేది. గంగాళంలో గుండిగ, గుండిగలో తపేలా, తపేలాలో గిన్నెలు వరసగా, ఆఖరి గిన్నెలో గరిటెలు. మధ్యమధ్య పాత పేపరు ముక్క పెట్టేది, లేకపోతే ఒకదాన్లో ఒకటి బిగుసుకుపోయి కొత్త ఊళ్లో ఎంత లాగినా రావు. వంటిల్లంతా పరుచుకున్న సామాను చివరికి రెండు గోనెసంచుల్లో ఇమిడిపోయేది. ఒక్క చెంచా కూడా తగ్గేది కాదు.

కోడు రాసి బతుకుతున్నవాణ్ణి. రోజంతా గిట్‌తోనే పని. ఎప్పుడో ఒకసారి, ఏదో పనిలో ఉండగా, తెర మీద ఒక లైను కనిపిస్తుంది: రెపోను వెనకాల ప్యాక్ చేస్తున్నానని. అది చూసినప్పుడల్లా నాకు ఆ గోనెసంచులే గుర్తొస్తాయి.

గిట్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాములు రాసేవాళ్లు చేసిన ప్రతి మార్పునూ తేదీతో, పేరుతో దాచిపెట్టే చిట్టా అది. ఒక ప్రాజెక్టుకు చెందిన ఆ చిట్టా మొత్తం రెపో. లినక్స్ కెర్నెల్ పనికి అప్పటిదాకా వాడుకుంటున్న బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోయేసరికి, 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దీన్ని రాసుకున్నాడు. మనం కమిట్ చేసిన, అంటే మార్పును చిట్టాకెక్కించిన ప్రతిసారీ గిట్ మారిన ఫైలును మొత్తంగా, కాస్త నొక్కి, విడిగా దాస్తుంది. పదివేల లైన్ల ఫైలులో ఒక్క కామా మార్చినా ఇంకో పూర్తి ప్రతి తయారవుతుంది. వీటిని లూజ్ ఆబ్జెక్టులంటారు. మన భాషలో చిల్లర సామాను. కెర్నెల్ లాంటి పెద్ద ప్రాజెక్టులో ఈ చిల్లరే డిస్కును మింగేస్తుంది. అందుకే అదే ఏడాది జూన్‌లో ప్యాక్ ఫైళ్లు వచ్చాయి. చిల్లరనంతా ఏరి ఒక మూటలో కట్టి, ఏది ఎక్కడుందో చెప్పే సూచికను పక్కన పెట్టడం వాటి పని. ఈ పని చేసే ఆదేశం పేరు గిట్ జీసీ.

చిల్లర ఎక్కువైందని దానికెలా తెలుస్తుందన్నది నాకు భలే నచ్చిన సంగతి. ప్రతి ఆబ్జెక్టుకూ నలభై గుర్తుల పేరుంటుంది. మొదటి రెండు గుర్తులు ఫోల్డరు పేరవుతాయి. అలా మొత్తం 256 ఫోల్డర్లు. చిల్లర దాదాపు 6,700 దాటితే మూట కట్టాలన్నది గిట్ మామూలు లెక్క. కానీ అన్నిటినీ లెక్కపెట్టుకుంటూ కూర్చోదు. 17 అనే ఫోల్డరు ఒక్కటి తెరిచి చూస్తుంది. అందులో 27 కంటే ఎక్కువుంటే మొత్తమ్మీద కూడా నిండినట్టేనని తేల్చేస్తుంది. ఆ పేర్లు ఫైల్లో ఉన్న సరుకు నుంచి లెక్కగట్టినవి కాబట్టి 256 ఫోల్డర్లలోనూ ఇంచుమించు సమానంగానే పడతాయి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్నమాట.

ఇక మూట కట్టే పద్ధతి. గిట్ ముందు అన్నిటినీ వరసలో పెడుతుంది. ఒకే రకంవి ఒకచోట, అందులో పేర్లు కలిసేవి పక్కపక్కన, వాటిలో పెద్దవి ముందు. అమ్మ చేసిందీ అదే. చెంబులో పళ్లెం పట్టదు, పెద్దది ముందు పెట్టకపోతే చిన్నది ఎక్కడా ఇమడదు. తర్వాత ఒక్కోదాన్నీ తీసి, దానికి ముందున్న పదింటితో పోల్చి చూస్తుంది. దేంతో బాగా కలిస్తే దానికీ దీనికీ ఉన్న తేడా మాత్రమే రాసుకుంటుంది. ఆ తేడా పేరు డెల్టా.

డెల్టా రాసే భాషలో ఉన్న మాటలు రెండే. ఒకటి: ఆ ఫైల్లో ఫలానా చోటి నుంచి ఇన్ని బైట్లు ఎత్తుకో. రెండు: ఈ కొత్త బైట్లు చేర్చు. తీసెయ్ అనే మాటే లేదు. ఎత్తుకోనిది దానంతటదే మిగిలిపోతుంది.

ఈ కాలమ్‌ను కూడా గిట్‌లోనే రాసుకుంటాను. మొదటి డ్రాఫ్టులో శీర్షిక 'బిందెలో గిన్నె'. రాత్రి పడుకునే ముందు అది 'గిన్నెలో గిన్నె' అయింది. మన కంటికి 'గిన్నె' రెండక్షరాలు. కంప్యూటరుకు ఆరు గుర్తులు, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 18. 'బిందె' అయితే 15. ఆ ఒక్క మాట మార్చినందుకు గిట్ ఆ రాత్రి ఫైలు మొత్తాన్నీ ఇంకోసారి దాచింది. మూట కట్టాక చూస్తే, పాత డ్రాఫ్టు అంటూ మిగిలింది 'ఇక్కణ్ణుంచి ఎత్తుకో, ఈ పిడికెడు బైట్లు చేర్చు, మిగతాది ఎత్తుకో' అన్న చిన్న చీటీయే. అడిగితే ఆ చీటీ పట్టుకునే పాత డ్రాఫ్టును ఒక్క బైటు తేడా లేకుండా తిరిగి కట్టిస్తుంది. తెర మీద తేడాలు చూపించేటప్పుడు గిట్ లైన్ల లెక్కన చూపిస్తుంది గానీ, మూటలో పని బైట్ల లెక్కనే. పేరా అంతా ఒకే లైనుగా రాసే నాలాంటివాళ్లకు అదో వరం.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. పూర్తిగా ఉంచేది పెద్ద ప్రతిని. ఫైళ్లు కాలంతో పాటు పెరిగేవే ఎక్కువ కాబట్టి, పూర్తిగా నిలిచేది సాధారణంగా తాజా ప్రతే. పాతవి దానికి తేడాలుగా మారతాయి. ఈ ఆలోచన గిట్‌తో పుట్టింది కాదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాక్‌కైండ్ చేసిన ఎస్‌సీసీఎస్ అనే ఇలాంటి చిట్టా అన్ని ప్రతుల లైన్లనూ ఒకే ఫైలులో పడుగుపేకల్లా నేసింది. నేటిది కావాలన్నా పదేళ్ల కిందటిది కావాలన్నా ఫైలంతా చదవాల్సిందే. పదేళ్ల తర్వాత వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ అనే ఇంకో చిట్టాలో దాన్ని తిరగేశాడు. జనం ఎక్కువగా అడిగేది నేటి ప్రతినే కాబట్టి దాన్ని చేతికందేలా ఉంచి, పాతవాటికి వెనక్కి నడిచే తేడాలు పెట్టాడు. వెనక్కి పోయేకొద్దీ కాస్త శ్రమ. న్యాయమే కదా.

అయితే గిన్నెలో గిన్నెకూ ఒక హద్దుంది. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తీయాలి. ఒక తేడా మీద ఇంకో తేడాగా పేర్చుకుపోయే ఈ వరసను గిట్ మామూలుగా యాభై దాటనివ్వదు. జీసీకి అగ్రెసివ్ అని ఒక రకం ఉంది. పేరు చూసి మనవాళ్లంతా దానివైపే మొగ్గుతారు. 2007 డిసెంబరులో జీసీసీ కంపైలర్ చరిత్రను గిట్‌లోకి తెచ్చి కుదించాలని చూస్తున్నవాళ్లకు లినస్ దాని జోలికి పోవద్దనే చెప్పాడు. అది అప్పటికే బాగా కుదిరిన డెల్టాలను పారేసి, వాటికన్నా నాసివాటిని కొత్తగా వెతుక్కునేది. దాని బదులు ఒక్కోదాన్నీ ఎన్నింటితో పోల్చాలో చెప్పే కిటికీ 250, వరస లోతు 250 పెట్టి, మూట మళ్లీ కట్టే రీప్యాక్‌ను రాత్రంతా నడవనివ్వమన్నాడు. అగ్రెసివ్‌కు కూడా ఆ లోతే వచ్చింది. 2016లో మళ్లీ యాభైకి దించారు. అంత లోతుగా దూర్చినా కలిసొచ్చే చోటు కొంచెమే, తీసేటప్పుడు పట్టే సమయం మాత్రం ఎక్కువ. గిన్నెల మధ్య అమ్మ పేపరు ముక్క ఎందుకు పెట్టేదో తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది మడత. దీంట్లో ఏదీ పోదు. కానీ గిట్ జీసీ ఇంకో పని కూడా చేస్తుంది, అది ఊడ్పు. చిట్టాలోని ఏ పాయకూ (బ్రాంచీకీ), ఏ పేరుకూ చెందకుండా మిగిలిపోయినవాటిని తుడిచేస్తుంది. జీసీ అంటేనే గార్బేజ్ కలెక్షన్, అంటే చెత్త ఎత్తడం. పేరు ఊడ్పుది, పనిలో ఎక్కువ భాగం మడతది. చిక్కంతా ఇక్కడే. ఊడ్చే విషయంలో గిట్ మనకంటే నిదానం. మనం ఎక్కడెక్కడ తిరిగామో రాసుకునే రిఫ్లాగ్‌ను మామూలుగా 90 రోజులు, దారి తప్పినవాటి గుర్తులను 30 రోజులు ఉంచుతుంది. అవీ చెల్లిపోయాక, ఎవరూ అడగని ఆబ్జెక్టు రెండు వారాల పాతదైతేనే తుడుస్తుంది. పని సగంలో ఆపి పక్కన పెట్టుకునే స్టాష్‌కైతే తనంతట తాను గడువే పెట్టదు.

ఆ నిదానాన్ని చెడగొట్టింది నేను. కొన్నేళ్ల కిందట, అప్పుడు పనిచేస్తున్న ఆఫీసులో, కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి "సర్, డిస్క్ ఫుల్ అంటోంది" అంది. రెపో నాలుగు జీబీలుంది. ఆమె కుర్చీలో కూర్చుని, చెయ్యి తిరిగినవాణ్ణన్న ధీమాతో రెండు లైన్లు కొట్టాను. రిఫ్లాగులన్నీ ఈ క్షణంలోనే చెల్లిపోయినట్టు చెయ్యి. గడువు చూడకుండా ఊడ్చెయ్. నాలుగు జీబీలు ఒకటికి దిగాయి. టీ తాగడానికి వెళ్లాను.

మధ్యాహ్నం ఆమె మళ్లీ వచ్చింది. "సర్, నా స్టాష్‌లో నాలుగుండాలి. ఇప్పుడు ఒక్కటీ కనిపించట్లేదు."

స్టాష్ జాబితా నడిచేదే రిఫ్లాగ్ మీద. అన్ని రిఫ్లాగులూ చెల్లిపోయినట్టు చెయ్యమంటే అదీ వాటితో పాటే పోయింది. గిట్ తనంతట తాను చేయని పనిని నేను నోరు తెరిచి అడిగి మరీ చేయించాను. పైనున్న స్టాష్ ఒక్కటి పేరు అంటిపెట్టుకుని ఉండటంతో దొరికింది. మిగతా మూడు దొరకలేదు. ఇంకెక్కడా నకలు లేదు. రెండు రోజుల పని. "పర్లేదు సర్, మళ్లీ రాస్తాను" అంది. తిట్టినా బాగుండేది. డిస్కుకు కావలసింది మడత, నేను చేసింది ఊడ్పు. రెంటికీ ఒకే పేరుండటం గిట్ తప్పే కావచ్చు. తొందర మాత్రం నాదే.

అమ్మ పాత సామాను వాడికి డబ్బా వేసేటప్పుడు, ఖాళీదని తెలిసినా మూత తీసి, బోర్లించి, అడుగు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టిగానీ ఇచ్చేది కాదు. ఒకసారి కందిపప్పు డబ్బా అడుగున పరిచిన పేపరు కింది నుంచి ఏభై నోటు జారి పడింది. ఎప్పుడు దాచిందో తనకే గుర్తులేదు.

ఇప్పుడు ఎవరి మెషీను ముట్టుకున్నా ముందు స్టాష్ జాబితా తెరుస్తాను. మొన్న టీములో ఒక కుర్రాడి లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాను. "ఏమైనా ఉందా?" అని అడిగితే "ఖాళీయే సర్, కానివ్వండి" అన్నాడు. అయినా తెరిచాం. మూడున్నాయి.