గ్రంథపాలకుడు ఉపాధ్యాయుడు కాడా?

మన యిండ్లలో కుమారునకు గాని కుమార్తెకు గాని కళాశాలలో అధ్యాపకోద్యోగము దొరికినదన్న మిఠాయిలు పంచుదుము. అదే కళాశాలలో గ్రంథపాలకోద్యోగము దొరికినదన్న, "పోనిండు, నీడపట్టున కూర్చుండు పని" అని యూరటపడుదుము. ఒకడు చదువు చెప్పువాడనియు, రెండవవాడు బీరువాల తాళపుచెవులు కాచువాడనియు మన తలంపు. ఈ తలంపు గృహములందే నిలిచిన చిక్కులేదు. కళాశాలల యాజమాన్యములును ఇట్లే తలంచుచున్నవి. అందుచేత విద్యార్థులు నష్టపడుచున్నారు.

దీని మంచిచెడ్డలు విచారింపవలెనన్న షియాలి రామామృత రంగనాథన్ గారి "గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములు" అను ఆంగ్ల గ్రంథమును, ఆయన ఉద్యోగ చరిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఈ గ్రంథమును మద్రాసు గ్రంథాలయ సంఘము వారు 1931లో ప్రకటించిరి. పుస్తకములు వాడుక కొరకే పుట్టినవనియు, చదువరికి తగిన పుస్తకమును పుస్తకమునకు తగిన చదువరియు దొరకవలెననియు, చదువరి కాలము వృథ కారాదనియు, గ్రంథాలయము ప్రాణివలె ఎదుగుచుండుననియు చెప్పు కొలది మాటలపై ఇంత గ్రంథమును నిలిపిరి. రచయిత గణితజ్ఞుడగుటచే మూలసూత్రము నుండి చిన్న ఏర్పాటు వరకు, భవనమెచట నుండవలెను, తలుపులెప్పుడు తెరువవలెను అను దానివరకు, ఒకదాని నుండి ఒకటి తేల్చుకొనుచు పోయిరి. ఆ తర్కశుద్ధియే ఈ గ్రంథమునకు ప్రధానగుణము.

ఇక ఆయన ఉద్యోగ చరిత్రము. మద్రాసు విశ్వవిద్యాలయము వారు గ్రంథపాలకుని పదవికి దరఖాస్తులు కోరిన నాటికి రంగనాథన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిరి. గ్రంథాలయ విద్యతో ఆయనకు పరిచయము లేదు. సంభాషణకు పిలుపు వచ్చిన పిదప ఒక విజ్ఞాన సర్వస్వములోని వ్యాసము చదువుకొని పోయిరని చెప్పుదురు. 1924 జనవరిలో పదవియందు చేరిరి. చేరిన కొలది వారములకే ఆ యేకాంతము భరింపరానిదై, తన గణిత తరగతిని తిరిగి యిప్పింపుడని అధికారులను వేడుకొనిరి. వారొక యొప్పందము చేసిరి: లండనుకు పోయి ఈ విద్య నేర్చి రావలెను, అప్పటికిని మనసు కుదరకున్నచో పాత యుద్యోగము మరల దొరకును. ఆయన లండను యూనివర్సిటీ కళాశాలలో బెర్విక్ సేయర్సు గారి వద్ద చదివి, ఆ దేశపు గ్రంథాలయములను తిరిగి చూచి, 1925లో వచ్చిరి. గణిత తరగతిని మరల అడుగలేదు.

ఈ కథను మనవారు విధివిలాసమువలె చెప్పుకొని ముచ్చటపడుదురు. మాకట్లు తోచదు. ఇందు రెండు విషయములు మరుగున పడుచున్నవి.

మొదటిది: ఆయనకు విసుగు పుట్టించినది పుస్తకములు కావు, శిష్యులు లేని గది. బోధించుటకు అలవడిన ప్రాణము బోధన లేక కొట్టుకొనినది. తిరిగి వచ్చిన పిదప ఆయన చేసిన పనిని చూడుడు. చదువరులను బీరువాల యొద్దకు రానిచ్చిరి. 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘము పక్షమున గ్రంథాలయ విద్యకు పాఠశాల నెలకొల్పిరి. 1931లో దానిని విశ్వవిద్యాలయమే స్వీకరించెను. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారును 1935లో ఈ విద్యను బోధింప నారంభించిరి. కడపట తన పొదుపులోని లక్ష రూపాయలను ఈ శాస్త్రమున ఆచార్యపీఠము కొరకు, తన భార్య శారద గారి పేరు చేర్చి, మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఒసగిరి. ఆయన ఉపాధ్యాయవృత్తిని విడిచినవాడు కాడు, తరగతిగది మార్చుకొనినవాడు.

రెండవది: ఆ నాటి విశ్వవిద్యాలయము తాను ఎన్నుకొనిన వానికి నేర్చుకొనుటకు వ్యవధి నిచ్చినది, కుదరకున్న తిరిగి వచ్చుటకు త్రోవ యుంచినది. నేటి అభ్యర్థికి ఈ రెండింటిలో నేది దక్కుచున్నది? విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2018లో ప్రకటించిన నిబంధనల ప్రకారము కళాశాలా గ్రంథపాలకునకు గ్రంథాలయ శాస్త్రమున నూటికి 55 మార్కులతో స్నాతకోత్తర పట్టమును, దానిపై జాతీయార్హత పరీక్షయో, అట్టి రాష్ట్ర పరీక్షయో, పరిశోధన పట్టమో కావలెను. మూలవేతన శ్రేణి సహాయాచార్యునితో సమానము. కాగితముపై ఈతడు ఉపాధ్యాయునకు సాటివాడే. తీరా దరఖాస్తు పట్టుకొని తిరుగునప్పుడు ఎదురగునది ఖాళీ పూరింపని పదవి, లేదా ఏడాదికొకసారి పొడిగించు ఒప్పందపు కొలువు.

మేమెరిగిన యొక యువతి కథ చెప్పుదుము. ఆమె పట్టమును పొందినది, పరీక్షయు నెగ్గినది. ఒక కళాశాలలో సంభాషణకు పోగా ఆమెను అడిగిన ప్రశ్నలు మూడు: పుస్తకములు పోయినచో ఎవరు కట్టుకొందురు? కంప్యూటరుపై జాబితా వ్రాయ వచ్చునా? గుర్తింపు చీటీలు అచ్చువేయించు పనియు చూచుకొందువా? "పిల్లలకేమి నేర్పెదవు?" అని యెవరును అడుగలేదు. కొలువు దొరికినది. హాజరు పట్టికలో ఆమె పేరు గుమాస్తాల వరుసలో చేరినది. అయినను పరీక్షల కాలమున పిల్లలు ఆమె బల్లచుట్టు మూగుదురు. చేతిలోని ఫోనులో నూరు జవాబులు కనిపించును. వానిలో నమ్మదగినదేదో, ఎవరు వ్రాసినదో, ఎప్పటిదో వారికి తెలియదు. ఆమె ఓపికతో ఒక్కొక్క దానిని విప్పి చూపును. ఇది బోధన కాదని యెవరనగలరు? ఆ బోధన యే సమయపట్టికలోను లేదు, ఆమె చేసిన పని లెక్కలోను లేదు. అమెరికా విశ్వవిద్యాలయములలో గ్రంథపాలక పదవికి వచ్చిన అభ్యర్థిచే ఎన్నిక సమయముననే ఒక ఉపన్యాసమో పాఠమో చెప్పించి చూచుట సామాన్యాచారము. మనవారు ప్రశ్నలను మార్చుకొనుటకు ఏమి ఖర్చగును?

ఇచట పంచసూత్రములపై మాకు తోచిన యొక యాక్షేపణ చెప్పక తప్పదు. ఆ గ్రంథము గ్రంథపాలకుని నుండి ఓర్పును, పాండిత్యమును, సేవాభావమును నిండుగా కోరుచున్నది. రంగనాథన్ గారు అహోరాత్రములు శ్రమించినవారగుటచే అట్టి శ్రమ అందరికి సహజమని తలంచినట్లున్నది. సేవ యను మాటను యజమానులు ఎట్లు తమకు లాభముగా త్రిప్పుకొందురో ఆయన చాలినంత శంకింపలేదు. అయితే న్యాయముగా రెండవ ప్రక్కయు చెప్పవలెను: పుస్తకములు వాడుక కొరకను మొదటి సూత్రమును వివరించు చోటనే గ్రంథాలయోద్యోగి చదువును, శిక్షణను, జీతమును, గౌరవమును ఆయన చర్చించిరి. తగిన మనిషి లేనిదే పుస్తకము కదలదని ఆయన యెరుగుదురు. సూత్రములను గోడలకు వ్రేలాడదీసి యీ చర్చను విడిచిపెట్టినవారము మనమే.

కావున చదువరులకు మా మనవి యిది. మీ పిల్లలను కళాశాలలో చేర్చునప్పుడు ప్రయోగశాలను చూపుమందురు, భోజనశాలను చూపుమందురు. ఇకమీదట గ్రంథాలయమునకును పోయి, ఇచటి గ్రంథపాలకుడెవరు, వారానికి ఎన్ని గంటలు పిల్లలకు బోధించును, ఆయన పదవి స్థిరమైనదా యని అడుగుడు. ఫీజు కట్టు తండ్రి అడిగిన ప్రశ్నకు యాజమాన్యము చెవియొగ్గక మానదు. మీ యింటి పిల్ల యీ వృత్తిని కోరినచో నీడపట్టు పనియని ఊరటపడకుడు, మిఠాయిలే పంచుడు. ఆమె చేరబోవునది తలుపులెల్లప్పుడును తెరచియుండు తరగతి.