‘ఢీ’: ఆట ఎవరిది, మాట ఎవరిది?

ఈటీవీలో ‘ఢీ’ 2009లో మొదలైంది. అప్పుడు నేను డిగ్రీ హాస్టల్లో ఉన్నాను. వార్డెన్ వచ్చి టీవీ కట్టేసేలోపు ఒక్క డాన్సైనా చూడాలని మా ఆత్రం. ఇప్పటికీ చూస్తున్నాను. స్త్రీవాద విమర్శ చదువుకున్నదానివి, ఇదేం చూడటమని స్నేహితురాళ్లు నవ్వుతారు. నవ్వనీ. జోడీ భుజం మీంచి తలకిందులుగా జారి, నేలకు జానెడెత్తున ఆగి, లయ తప్పకుండా లేచే అమ్మాయిని చూస్తుంటే నాకు ఏ సిద్ధాంతమూ గుర్తురాదు. ‘ఒళ్లు దగ్గర పెట్టుకో’ అన్న మాటే గుర్తొస్తుంది. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల తన ఒంటిని అంతగా నమ్మడానికి ఎన్నిసార్లు పడి ఉంటుంది!

నా పేచీ డాన్సుతో కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆట తగ్గి మాట పెరిగింది. ప్రదీప్ వ్యాఖ్యానం, టీమ్ లీడర్లుగా సుధీర్, రష్మి, తర్వాత హైపర్ ఆది; రెండు డాన్సుల మధ్య పొడవాటి స్కిట్టు. 2020-21 నాటి పదమూడో సీజన్‌కి ‘కింగ్స్ వర్సెస్ క్వీన్స్’ అని పేరు పెట్టారు. రాణుల పక్షాన రష్మి, దీపిక పిల్లి. పేరుకి నాయకురాళ్లే. చాలాసార్లు వాళ్లకిచ్చిన పని మాత్రం అవతలివాళ్లు వెంటపడితే సిగ్గుపడటం, పంచ్ పడితే ఉడుక్కోవడం. ఆడవాళ్లు ఆడతారు, మగవాళ్లు మాట్లాడతారు. చెమటలారని అమ్మాయి వెనక వరసలో కూర్చుని ఉంటుంది. కెమెరా ఆమె దగ్గరికి వెళ్లేది ఆ జోకుకి నవ్విందో లేదో చూడటానికే. నేనూ నవ్వాను, చాలాసార్లు. నా కోపం కొంత ఆ నవ్వు మీదే.

2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు ఒక సలహా పంపింది. డాన్స్ రియాలిటీ షోలలో పిల్లల చేత పెద్దవాళ్ల సినిమా స్టెప్పులు వేయించి అసభ్యంగా చూపించవద్దని దాని సారాంశం. పిల్లల విషయంలో ఆ ఆందోళన న్యాయమే. కానీ అసభ్యత కోసం మన చూపు ఎప్పుడూ ఆడేవాళ్ల నడుము దగ్గరికే ఎందుకు పోతుంది? పక్కన మైకు పట్టుకున్నవాడి నోటి దగ్గరికి ఎందుకు పోదు?

ఇది టీవీతో మొదలైన చూపు కాదు. వీరేశలింగం నాటి భోగం మేళాల వ్యతిరేకోద్యమం నుంచి 1947 మద్రాసు దేవదాసీ చట్టం దాకా, సంస్కరణ కలావంతుల స్త్రీల ఆటను వీధిలోంచి తప్పించింది. సంస్కరణ అక్కర్లేదని నేననను. ఆట పోయింది, దానికి బదులు వాళ్ల చేతికి ఏమొచ్చిందన్నదే ప్రశ్న. గోదావరి జిల్లాల్లో ఆ స్త్రీలు తలుపులు మూసుకుని ఇంట్లో తమ పదాలు అభినయించుకోవడాన్ని దవేశ్ సోనేజీ 2012లో వెలువడిన ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’లో నమోదు చేశారు. ఇక జాతరల్లో, సంక్రాంతి సంబరాల్లో రికార్డింగ్ డాన్సులు చేసే స్త్రీల మీద పోలీసు దాడులు కోస్తాలో మనం వింటూనే ఉన్న వార్త. పాటలు అవే సినిమా పాటలు, స్టెప్పులూ దాదాపు అవే. ట్రాక్టరు ట్రక్కు మీద ఆడితే కేసు, సెట్టు మీద ఆడితే కప్పు. రికార్డింగ్ డాన్సుల్లో దోపిడీ లేదని కాదు. కానీ కేసు పడేది ఆడినామె మీద కూడా.

‘ఢీ’ సినిమా డాన్సుకి నట్టింట్లో గౌరవం తెచ్చింది. మా హాస్టల్ అమ్మాయిల్లో కొందరు ఆ ధైర్యంతోనే కాలేజీ డే నాడు స్టేజీ ఎక్కారు. అందుకే దీన్ని వదులుకోలేను. ఆ గౌరవానికి అద్దె మాత్రం అమ్మాయిలే కడుతున్నారనిపిస్తుంది, స్కిట్టు స్కిట్టుకీ.

ఈ మధ్య యూట్యూబ్‌లో డాన్సు ముక్కలు మాత్రమే చూస్తున్నాను. హాయిగా ఉంది. అయితే ఆట ముగించి ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని వినాల్సినవన్నీ, నేను వేలితో పక్కకి నెట్టేస్తున్నాను.