ఉలి కింద అరక్షణం

చేతిపనుల గురించి ఎవరు రాసినా చివరికి మనశ్శాంతి దగ్గరికి వచ్చి ఆగడం రివాజైపోయింది. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని చెక్క గిన్నెలు, పెన్నులు చేసుకునేవాళ్ల మీద ఈ వారం చదివిన వ్యాసంలోనూ అదే మాట కనిపించి చికాకేసింది. ఆ పనిలో ఉన్నది శాంతి కాదు. పెన్ను చేసే చెక్క నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంటుంది. దాని ముందు పదునైన ఉలి పట్టుకుని నిలబడాలి. మొన కాస్త వాలితే చెక్కలో దిగబడుతుంది, ముక్క చీలి ఎగురుతుంది. ముఖానికి అడ్డు లేకుండా ఆ పనికి పూనుకోకూడదని మొదటి రోజే నేర్పుతారు. ఇంత జాగ్రత్త అడిగే పనిని సేదదీరడం కోసం ఎంచుకుంటారంటే నమ్మడం కష్టం. అయినా ఎంచుకుంటున్నారు. అమెరికాలో చెక్క లేత్ పనివాళ్ల సంఘం ఒకటి 1986 నుంచి నడుస్తోంది. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కోరి ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్లను లాగుతున్నదేమిటో ఇంకోచోట వెతకాలి.

ఆ వెతుకులాటలో నాకు బాగా పనికొచ్చే పుస్తకం డేవిడ్ పై (Pye) 1968లో పనితనం మీద రాసింది. ఆయన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ ప్రొఫెసర్, స్వయంగా చెక్క పాత్రలు చేసినవాడు. చేతిపని, యంత్రపని అనే పాత విభజనను పక్కనపెట్టి ఆయన వేరే గీత గీశాడు. ఒక రకం పనిలో ఫలితం ముందే ఖాయమై ఉంటుంది. రెండో రకంలో పని జరిగినంతసేపూ చెడిపోయే అవకాశం వెంటే ఉంటుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ మన విషయానికి మరీ దగ్గరిది: అచ్చువెయ్యడం మొదటి రకం, కలంతో రాయడం రెండో రకం. ఈ లెక్కన మోటారు ఉన్నంత మాత్రాన లేత్ పని యంత్రపని అయిపోదు. చెక్కను తిప్పేది మోటారు, ఎక్కడ ఆగాలో తెలియాల్సింది చేతికి.

చెడిపోయే అవకాశం వడ్రంగంలోనూ ఉంది కదా, లేతే ఎందుకు అని అడగవచ్చు. తేడా తీర్పు వచ్చే సమయంలో ఉంది. బల్ల కాలు కొలత తప్పితే ఆ సంగతి బిగించేనాటికి గాని బయటపడదు. ఈలోగా పది పనులు జరిగిపోయి ఉంటాయి, తప్పు ఎక్కడ మొదలైందో తేల్చడమే ఒక పని. లేత్ మీద ఉలి సరిగా ఆనితే పొట్టు సన్నని రిబ్బనులా సాగి వస్తుంది, చప్పుడు కూడా మారుతుంది. సరిగా ఆనకపోతే అరక్షణంలో చెయ్యి అదురుతుంది. కారణం ఒకటి, ఫలితం ఒకటి, రెండింటి మధ్య ఎవరూ లేరు. ఇవాళ్టి జీతపు పనుల్లో చాలావాటికి ఈ గుణం లేదు. రాసిన నివేదిక మంచిదో కాదో ఆర్నెల్లకు తెలుస్తుంది, అప్పటికి అందులో పదిమంది చేతులు పడి ఉంటాయి. తన పని బాగుందా లేదా అన్నది మరొకరిని అడగకుండా తెలుసుకోవాలన్న ఆకలి మనిషికి ఉంటుంది. లేత్ ఆ ఆకలి తీరుస్తుంది. అందులో పెన్ను మరీ అనువైనది: ఐదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉన్న చెత్తచెక్క చాలు. పగిలితే పోయేది ఆ ముక్క, ఒక గంట కాలం. చేతికొస్తే ఒకరి జేబులోకి చేరుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇలా చేసే పెన్నుల్లో ఎక్కువ భాగం కిట్‌తో మొదలవుతాయి. చెక్కకు చిల్లు పెట్టి ఇత్తడి గొట్టం అతికించి, బయట చెక్కి, కొనుక్కున్న మొన, క్లిప్పు అదిమితే పెన్ను తయారు. రాసే భాగం ఎవరో చేసినదైతే ఇది పెన్ను చెయ్యడం ఎలా అవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. కిట్‌లో ప్రమాదం పైపొరకే పరిమితం. కానీ చెయ్యి కుదిరాక కొందరు అక్కడ ఆగరు. కిట్ వదిలేసి మరలు కూడా తామే కోసుకుంటారు. అంటే, రాజమండ్రిలో తొంభై ఏళ్లుగా జరుగుతున్న పనికి వస్తారు. అక్కడ ఆ పని మొదలుపెట్టిన కోసూరి వెంకటరత్నం 1921లో వార్ధాలో గాంధీజీని కలిశాక స్వదేశీ పెన్ను కోసం పడ్డ పాట్లు మనవాళ్లకు కొత్త కథ కాదు. ఆయన పంపిన పెన్నుతో రాసి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు అది మంచి బదులని గాంధీజీ 1935 జులైలో ఉత్తరం రాశారు. ఆ పెన్నులకు వాడేది ఎబొనైట్, అంటే గంధకం ఎక్కువ కలిపి వేడిచేసి గట్టిపరచిన రబ్బరు. ఆ కడ్డీని లేత్ మీద చెక్కి, తొలిచి, మూతకూ ఒంటికీ మరలు కోసి, పాళీ కింద సిరా దారిని కుదర్చాలి. గాలి ఎక్కువైతే సిరా కక్కుతుంది, తక్కువైతే రాత ఆగుతుంది. ఇక్కడ తీర్పు చెప్పేది కాగితం.

చేతిపని బతకాలంటే చేసే చేతులు పెరగాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించాను. పాత పాఠకులకు అది కంఠతా వచ్చి ఉంటుంది. ఈ వాదన కూడా అటే పోతుందనుకున్నాను, ఏటికొప్పాక దగ్గర ఆగిపోయింది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. సహజ రంగులను నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అమెరికాలో పెన్ను చేసే అభిరుచిపరుడు తిరిగే చెక్కకు గుడ్డతో అద్దే షెల్లాక్ కూడా లక్కే, మెరుపు తెచ్చేదీ అదే రాపిడి. పదార్థం ఒకటే, సూత్రం ఒకటే, చెడిపోయే అవకాశమూ ఒకటే. కానీ అక్కడ ముక్క పగిలితే ఒక సాయంత్రం పోతుంది, ఇక్కడ పగిలితే ఆ రోజు కూలిలో కోత పడుతుంది. నేను ఇంతసేపూ పొగిడిన అరక్షణపు తీర్పు, నష్టం భరించగలవాడికే ఆనందం. బతుకుతెరువుగా చేసేవాడు కోరుకునేది ఖాయమైన పని, ఖాయమైన ఆర్డరు. ఆ కోరికను చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

కాబట్టి ఇంటింటా లేత్ వెలిసినంత మాత్రాన రాజమండ్రి, ఏటికొప్పాక నిలబడతాయన్న నా పాత మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అభిరుచిగా చేసేవాళ్ల వల్ల జరిగే మేలు వేరే ఉంది: మర కోస్తూ నాలుగు కడ్డీలు పాడుచేసుకున్నవాడికి అయిదో కడ్డీ విలువ తెలుస్తుంది. చేతితో చేసిన పెన్ను ధరలో చెడిపోయిన కడ్డీల ఖరీదు కూడా కలిసే ఉండాలని అతనికి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. కౌంటర్ దగ్గర మనం వంద తగ్గించమని అడిగినప్పుడు పనివాడు వదులుకునేది ముందుగా ఆ ఖరీదునే.