వంకరపోని అద్దము

అద్దమనగా ఎదుట నుంచుకొని చూచుకొనునది అను తలంపు ఎక్స్‌రే కిరణముల యెడ చెల్లదు. సూటిగా వచ్చి తాకిన కిరణమును ఎంతటి నున్నని తలమైనను త్రిప్పి పంపక తనలో నింకించుకొనును. తలమును ఒరసికొనుచు మిక్కిలి వాలుగా వచ్చినదానిని మాత్రమే మళ్లించును. కావుననే ఎక్స్‌రే దూరదర్శినుల అద్దములు గొట్టపు ఆకృతి దాల్చి, ఒకదానిలో నొకటి ఇమిడియుండును. 1952లో హాన్స్ వోల్టర్ సూక్ష్మదర్శిని కొరకు తలపోసిన అమరిక ఆకాశమును చూచువారికి అక్కరకు వచ్చుట శాస్త్రలోకపు వింతలలో నొకటి.

గొట్టపు గోడ దళసరియైన కొలది లోనికి వచ్చు వెలుతురు తగ్గును, బరువు పెరుగును. 1999లో ఎగసిన ‘చంద్ర’ అను ఎక్స్‌రే దూరదర్శినికి సుమారు రెండు సెంటీమీటర్ల దళసరి గాజుతో నాలుగు జతల అద్దములు చేసిరి. అర ఆర్క్‌సెకను చూపువాడి లభించినది గాని, ఆ అద్దముల బరువు దాదాపు టన్నైనది. 2015లో మన శ్రీహరికోట నుండి పోయిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము, బంగారుపూత గల పలుచని అల్యూమినియపు రేకులతో తేలికదనమును సాధించినది గాని, అంతటి వాడిని ఆశింపలేదు. రెండును ఒకచోట కావలెనన్న కోరికతో నాసావారి గొడార్డ్ కేంద్రమున విలియం జాంగ్ బృందము పట్టిన దారి సిలికాన్.

అందును పరమాణువులన్నియు ఒకే వరుసలో నమరిన ఏకస్ఫటికము. దిమ్మెపై ముందుగా వంపు తీర్చి, ఆ తలమును మిల్లీమీటరునకు లోబడిన దళసరితో, అరచేతి వెడల్పున కోసి వేరుచేయుదురు. గాజును అట్లు కోసినచో దానిలో అణగియున్న బిగువు విడివడి, పచ్చికర్ర నుండి కోసిన పలకవలె వంకరపోవును. ఈ స్ఫటికమున అట్టి బిగువు పుట్టుకతోనే లేదు. ఉన్నదెల్ల ఱంపము తాకిన పైపొరలోనిదే. ఆ పొరను ఆమ్లమున కరగించివేయగా, అద్దము దిమ్మెలో నున్ననాటి రూపునకు తనంతట తానే వచ్చును. పనియంతటిలో నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిది. ఏలయన పనివాడిచట తన ఱంపము చేసిన కీడును కడిగివేసి తప్పుకొనును, అంతే.

పిదప మెరుగుపెట్టి, మిగిలిన మిట్టపల్లములను అయాన్ల ధారతో సవరింతురు. ఇంతయు చేసి, కిరణములను మళ్లించుటకు ఇరీడియము పూయగనే, ఆ పూత బిగిసి, అంత శ్రమపడి వదలించుకొన్న వంకరను మరల తెచ్చిపెట్టును! వెనుకవైపున వేరొక పొరను కల్పించి ఈ లాగును ఆ లాగుతో సరితూచుట మరియొక విద్య. తుదకు అద్దమును నాలుగు చిన్న కాళ్లపై నిలిపి, అది సరియైన దిక్కు చూచువరకు ఆ కాళ్ల ఎత్తును రవ్వరవ్వగా సవరింతురు. పెద్ద దూరదర్శిని ఒక్కదానికే ఇట్టివి వేలకొలది కావలెను గనుక, అంగడిలో దొరకు యంత్రములతోనే, ఒకేసారి పెక్కింటిని చేయుటకు వీలైన పద్ధతిని వారు వెదకుచు వచ్చిరి.