జెండా చొక్కా - ధ్వన్యర్థం

న్యాయశాస్త్రం నా విషయం కాదు. కళాశాలలో అలంకారశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా అమెరికాలో వొక అప్పీలు న్యాయస్థానం 2014 ఫిబ్రవరిలో యిచ్చిన తీర్పును వొక కావ్యాన్ని చదివినంత శ్రద్ధగా చదివాను. ఆ వివాదమంతా వొక చొక్కాకు అర్థమేమిటన్న దాని మీద నడిచింది. అర్థనిర్ణయం మన పనే గదా!

కాలిఫోర్నియాలో శాంతాక్లారా జిల్లా వుంది. మనవాళ్ళ పిల్లలు చాలామంది ఆ జిల్లా బడుల్లోనే చదువుకుంటున్నారు. అందులో మోర్గన్ హిల్ పట్టణంలో లైవ్ ఓక్ అనే వున్నత పాఠశాల. 2010 మే 5న అక్కడ 'సింకో దె మాయో' వుత్సవం జరుగుతున్నది. కొందరు పిల్లలు అమెరికా జెండా బొమ్మ వున్న చొక్కాలు తొడుక్కుని వచ్చారు. గొడవ జరుగుతుందన్న మాట చెవిన పడి, వుపప్రధానోపాధ్యాయుడు వాళ్ళను పిలిచి, చొక్కాలు తిరగేసి తొడుక్కోండి, లేదా యింటికి పొండి అన్నాడు. జెండా బొమ్మ అంత కొట్టవచ్చినట్టుగా లేని యిద్దర్ని తిరిగి తరగతికి పంపారు. మాట విననివాళ్ళు యింటికి పోయారు. శిక్షలేమీ వెయ్యలేదు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2011లో జిల్లా న్యాయస్థానం బడి పక్షాన తీర్పు చెప్పింది, తొమ్మిదో సర్క్యూట్ న్యాయస్థానం దాన్ని ఖాయపరచింది, 2015 మార్చిలో సుప్రీంకోర్టు కేసు చేపట్టడానికి నిరాకరించింది.

స్వదేశంలో స్వదేశపు జెండా ధరించడం నేరమా అని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మన మిత్రుల్లో కొందరు మాత్రం సంతోషించారు: తెల్లపిల్లల జాత్యహంకారానికి బుద్ధి చెప్పారని. నాకు రెండు పక్షాలూ చొక్కాను సరిగ్గా చదవలేదనిపించింది.

'సూర్యుడు అస్తమించాడు' అన్న వాక్యం దొంగకు వొకటి, పశులకాపరికి వొకటి, సంధ్యవార్చే బ్రాహ్మడికి వొకటి స్ఫురింపజేస్తుందని యేటేటా పాఠం చెబుతాం. చెప్పేవాడెవడు, వినేవాడెవడు, పక్కన యెవరున్నారు, యే చోట, యే కాలాన అన్నవి వ్యంగ్యార్థానికి ఆధారాలని మమ్మటుడు లెక్కపెట్టి చెప్పాడు. యిక ఆ చొక్కాను చదవండి. జులై 4న అదే జెండా వట్టి అభిధ. మే 5న ఆ బడిలో కాదు. ముందటేడు, అంటే 2009లో, అదే రోజున మెక్సికన్ పిల్లలు తమ జెండా పట్టుకు తిరుగుతుంటే తెల్లపిల్లలు చెట్టుకు అమెరికా జెండా కట్టి 'యు.ఎస్.ఎ.' అని కేకలు పెట్టారు. రెండు వైపులా బూతులూ బెదిరింపులూ నడిచాయి. అంతకు ముందు ఆరేళ్ళలో ఆ బడిలో కనీసం ముప్ఫై కొట్లాటలు జరిగాయని తీర్పులోనే వుంది. యీ ప్రకరణంలో వొకమ్మాయి ఆ చొక్కా చూసి, నీకు మెక్సికన్లంటే యిష్టం లేదా అని అడిగింది. ఆమెకు కావ్యశాస్త్రం చెప్పినవారు లేరు. ధ్వని మాత్రం పట్టుకున్నది.

వుత్సవాన్ని కూడా చదవాలి. మెక్సికో స్వాతంత్ర్యదినం సెప్టెంబరు 16. యిది అది కాదు. అప్పు వసూలు పేరుతో దండెత్తి వచ్చిన మూడవ నెపోలియన్ సేనలను 1862 మే 5న ప్యూబ్లా వద్ద జనరల్ సరగోసా సైన్యం వోడగొట్టిన రోజు. అంటే సామ్రాజ్యవాదం మీద వొక బీదదేశపు గెలుపు. కాలిఫోర్నియా 1848 సంధిదాకా మెక్సికోలో భాగమే. కనుక ఆ నేల మీద మెక్సికన్‌ను వలసవచ్చినవాడనడం సరిహద్దు చేసిన గారడీ. పొలాల్లో కూలిపని చేసే వాళ్ళ పిల్లలు చికానో వుద్యమకాలంలో, 1960లలో, 70లలో, యీ పండగను తమదిగా తీర్చుకున్నారు. ఆ తరవాత బీరు కంపెనీలు దాన్ని తమదిగా చేసుకున్నాయి. బడి దీన్ని సెయింట్ పాట్రిక్ దినంతో పోల్చింది! పండగలోంచి చరిత్రను తీసేస్తే మిగిలేవి రంగులూ తిండీ. రంగులకు రంగులతో జవాబు రావడంలో ఆశ్చర్యమేముంది?

యింతవరకు చొక్కా అహంకారాన్నే ధ్వనించిందని వొప్పుకుంటాను. కాని న్యాయస్థానం ఆ అర్థం మీద తీర్పు చెప్పలేదు. భయం మీద చెప్పింది. చొక్కా తొడుక్కున్నవాళ్ళను యెవరైనా కొడతారేమో, కనుక విప్పించడం సబబు అన్నది. మెక్సికన్ రంగులు ధరించినవాళ్ళకు ప్రమాదమున్నట్టు ఆధారం లేదు కనుక వాళ్ళను విప్పమనకపోవడమూ సబబే అన్నది. అంటే యెవరి వెనక కొట్టేవాళ్ళున్నారో వాళ్ళ మాట నిలుస్తుంది. 2014 సెప్టెంబరులో పునర్విచారణకు నిరాకరించినప్పుడు అసమ్మతి తెలిపిన న్యాయమూర్తి ఓస్కన్లెన్ యీ సంగతే యెత్తిచూపాడు. ఆయన మన పక్షంవాడేమీ కాదు. అయినా నిజం నిజమే.

యీ కేసులో వాడిన కొలబద్ద యెక్కడ పుట్టిందో మన మిత్రులు గుర్తుచేసుకోవాలి. మిసిసిపీలోని ఫిలడెల్ఫియా పట్టణంలో నల్లపిల్లలు 'మనిషికొక వోటు' అన్న బిళ్ళలు చొక్కాలకు పెట్టుకుని బడికి వచ్చారు. ప్రధానోపాధ్యాయుడు నిషేధించాడు. 1966లో అప్పీలు న్యాయస్థానం, బడి పనికి నిజంగా గట్టి ఆటంకం కలిగితే తప్ప నిషేధించరాదని పిల్లలను గెలిపించింది. అదే రోజున మరో బడి కేసులో, బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళే తోటిపిల్లలను వేధించారు కనుక, బడిని గెలిపించింది. యీ భేదం బంగారంలాంటిది: అల్లరి చేసినదెవరు? 1965 డిసెంబరులో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా నల్లపట్టీలు కట్టుకున్న అయోవా పిల్లలను సుప్రీంకోర్టు 1969లో అదే కొలబద్దతో గెలిపించింది. చూసేవాడి కోపమే కొలత అయివుంటే మిసిసిపీలో యే నల్లపిల్లవాడు బిళ్ళ పెట్టుకోగలిగేవాడు?

జెండా మీద ప్రేమ వేరు, జెండా ముందు నిర్బంధం వేరు అన్న వివేకం మన దగ్గరా లేకపోలేదు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల గొంతు కలపలేదని బడినుంచి వెళ్ళగొట్టారు. 1986లో వాళ్ళను తిరిగి చేర్చుకోమని తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తెలుగువాడు. జెండా వందనం నిర్బంధించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1943లో చెప్పిన తీర్పును ఆయన అందులో చర్చించాడు. పాడని గొంతుకూ హక్కుంటే, వూరుకోని చొక్కాకు లేదా?

అయితే ఆ వుపప్రధానోపాధ్యాయుణ్ణి తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

మా కళాశాలలో యేటా 'సంప్రదాయ దినం' జరుపుతారు. మగపిల్లలు పంచెలు, ఆడపిల్లలు పట్టుపరికిణీలు, వోణీలు. రెండేళ్ళ కిందట మొదటి సంవత్సరం అమ్మాయి వొకతె నేతచీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. మిరపకాయ కోతకు పోయే మన ఆడవాళ్ళను చూసినవారికి ఆ వేషం కొత్త కాదు. వేళాకోళమా అని అడిగారు కమిటీవారు. 'మా అమ్మ యిట్లాగే వుంటుంది సార్, మా అమ్మమ్మా యిట్లాగే వుండేది,' అన్నది. అప్పటికే వెనక బెంచీల పిల్లలు యీలలు వేస్తున్నారు. గొడవవుతుంది, నీ మంచికోసమే చెబుతున్నాం, చొక్కా తీసేసి రా అన్నారు. ఆమె చొక్కా తియ్యలేదు, యింటికి పోయింది. హాజరు మాత్రం వేశాం.

ఆ మాట అన్నది నేనే. యీల వేసినవాళ్ళకు చెప్పడం కష్టం, ఆమెకు చెప్పడం తేలిక. లైవ్ ఓక్ బడికి 2009 నుంచి 2010 దాకా వొక యేడాది గడువుంది. ప్యూబ్లా గురించి, 1848 గురించి, చెట్టుకు కట్టిన ఆ జెండా గురించి, పొలంలో కూలీ గురించి పిల్లలచేత యెదురెదురుగా వాదింపజెయ్యవచ్చు. అది చెయ్యకుండా మే 5 పొద్దున చొక్కాలు లెక్కపెట్టారు. నాకూ రెండేళ్ళ గడువు దొరికింది. మమ్మటుణ్ణి రెండుసార్లు చెప్పాను, ఆ చొక్కా వూసు యెత్తలేదు.

ఆ అమ్మాయి యిప్పుడు మూడో సంవత్సరం. సంప్రదాయ దినం వచ్చే నెలలో. కమిటీ జాబితాలో మళ్ళీ నా పేరు వేసి కాగితం పంపారు. నేనింకా సంతకం పెట్టలేదు.