అడ్రసే నేరమా?

చెత్త మెయిళ్లను ఎవరూ సమర్థించరు. లాటరీ తగిలిందని, బ్యాంకు ఖాతా ఆగిపోయిందని వచ్చే దొంగ ఉత్తరాలకు అడ్డుకట్ట వేయాల్సిందే. అమెరికాలో పాల్ విక్సీ 1997లో మొదలుపెట్టిన బ్లాక్‌లిస్టు, 1998లో పుట్టిన స్పామ్‌హాస్ ఆ పనికే వచ్చాయి. కట్ట వద్దని మేము అనడం లేదు. దాని కింద ఎవరు నలుగుతున్నారని అడుగుతున్నాం.

ఈ జాబితా మనిషిని చూడదు, మెయిల్ పంపిన సర్వర్ నంబరును చూస్తుంది. ఆ నంబరు జాబితాలో ఉంటే అవతలి సర్వర్ ఉత్తరాన్ని గుమ్మం దగ్గరే తిప్పి పంపుతుంది. చవకగా దొరికే సర్వర్లలో ఎంతోమందికి ఒకటే నంబరు. సుల్తాన్ బజార్‌లో ఒక చీరల కొట్టు, ఒక పుస్తకాల కొట్టు అలా ఒకే నంబరు మీద ఉన్నాయనుకోండి. ఎక్కడో మూడోవాడు చెత్త పంపితే ఈ ఇద్దరి ఉత్తరాలూ ఆగిపోతాయి. యూసీఈప్రొటెక్ట్ అనే జాబితా ఇంకో అడుగు ముందుకేసింది. మొదటి అంచెలో ఒక్క నంబరు, రెండో అంచెలో చుట్టుపక్కల నంబర్లు, మూడో అంచెలో ఏకంగా నెట్‌వర్క్ మొత్తం. తొందరగా బయటపడాలంటే డబ్బు కట్టాలి. స్పామ్‌హాస్ పేరు తీసేయడానికి డబ్బు అడగదు. అంటే ఇది సాంకేతిక అవసరం కాదు, కావాలని ఎంచుకున్న పద్ధతి.

‘జాబితా మా అభిప్రాయం మాత్రమే, వాడుకోవడం మీ ఇష్టం’ అంటారు. అందరి గుమ్మాలకూ అదే జాబితా వేలాడుతుంటే అది అభిప్రాయమా, తీర్పా? ‘పక్కవాళ్లకు ఇబ్బంది కలిగితేనే కంపెనీ దారికొస్తుంది’ అంటారు. ఒకడిని దారికి తేవడానికి ఇంకొకడిని కొట్టడం ఏ న్యాయం?

ఈ తర్కం మాకు కొత్త కాదు. 2007 మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న ఇక్కడే కోఠిలో గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలాయి. చంపినవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ మొహల్లాల్లోంచి ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. ఎంతోమంది నిర్దోషులని తర్వాత కోర్టులే చెప్పాయి. ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది, నిర్దోషులుగా తేలినవాళ్లకు సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. కోర్టు నిర్దోషి అన్నాక కూడా మంచివాడినని జేబులో కాగితం పెట్టుకు తిరగాలా?

ఆగిపోయిన ఉత్తరమూ, జైల్లో కరిగిపోయిన యవ్వనమూ ఒకటి కావు. ఆ తేడా మాకు తెలుసు. కానీ రెండుచోట్లా అనుమానం అడ్రసును బట్టే పుడుతుంది. రెండుచోట్లా రుజువు చేసుకోవాల్సింది అనుమానించినవాడు కాదు, అనుమానానికి గురైనవాడు.

అందుకే మా డిమాండ్లు చిన్నవి. పేరు ఎక్కించేముందు కారణం చెప్పాలి. గడువు పెట్టాలి. వినే చెవి ఒకటుండాలి. పక్కింటివాడి తప్పు పక్కింట్లోనే ఉండాలి. రెసిడెన్సీ బజార్ 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అయ్యింది. బజారు పేరు మారడానికి ఒక ఫర్మానా చాలు. జాబితాకెక్కిన మనిషి పేరు చెరగడానికి మాత్రం కోర్టు తీర్పు కూడా చాలడం లేదు.